వదిన వదిలిన ఖాళీ

మిట్టమధ్యాహ్నం...!

అర్ధరాత్రి పేరు చెబితే ముసుగుతన్ని పడుకునేవాళ్ళు కూడా మిట్టమధ్యాహ్నాన్ని నిశ్చింతగా నమ్ముతారు. అక్కడే పప్పులో కాలేస్తారు! సూర్యుడు నడినెత్తికెక్కి, మనిషి నీడ మనిషి పాదాల కిందికే ముడుచుకుపోయే ఆ ఘడియలో, ఏ ప్రాణికీ తన నీడైనా తోడుండని ఆ శూన్యముహూర్తంలో, తెరుచుకోకూడని తలుపులు కొన్ని తెరుచుకుంటాయి. ఆ సంగతి తెలిసినవాడు ఆ వీధి మొత్తానికి ఒక్కడే. వాడు బొమ్మలకు ఫ్రేములు కట్టి బతికేవాడు.

ఆ రోజు సరిగ్గా ఆ వేళకు కారుమేఘాలు కమ్ముకొచ్చి పట్టపగలే చీకటి చేశాయి. ఉరుము... మెరుపు లేని ఉరుము! వీధి మీది కరెంటు తీగలు జివ్వుమన్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక గుడ్లగూబ, ఫ్రేముల దుకాణం బోర్డు మీద వాలి, మెడ వెనక్కి తిప్పి లోపలికి చూసి కూసింది. పక్కన సైకిలు చక్రానికి గాలి కొడుతున్నవాడు పంపు అక్కడే వదిలేసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

దుకాణం వెనక గదిలో ఫ్రేముల మేస్త్రి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పొట్టి బల్ల. బల్ల మీద రంపం, మేకుల డబ్బా, జిగురు గిన్నె... వాటి నడుమ ఒక కపాలం! ఫ్రేముల అంచులకు పూసే బంగారు రంగునే వాడు దానికీ పూశాడు. కనుగుంటలకు మాత్రం పూయలేదు. ఆ అంధకార గహ్వరాల్లోకి వంగి, పెదవి కదపకుండా, గొంతు అడుగు నుంచి జపిస్తున్నాడు.

"శూన్యం దేహి... శూన్యం దేహి..."

వాడి వెనక గోడకు మూడు బొమ్మలున్నాయి. నాలుగో ఫ్రేములో బొమ్మ లేదు. కపాలం కింది దవడ కిర్రుమని కదిలింది. ఆ క్షణంలోనే బయటి తలుపుకు కట్టిన గంట గణగణ మోగింది. మేస్త్రి నవ్వుకున్నాడు, కపాలం మీద గుడ్డ కప్పాడు, లేచి ముందు గదిలోకి వచ్చాడు. గిరాకీ వచ్చిన ఏ దుకాణదారుడైనా వచ్చినట్టే వచ్చాడు.

వచ్చినవాడు డ్రాయింగు మాస్టారు. చంకలో చుట్ట చుట్టిన ఖాకీ కాగితం ఉంది.

ఈ మాస్టారి సంగతి చెప్పుకోవాలి. చిత్రకళ కాలేజీలో చదివి, పతకం తెచ్చుకుని, బడిలో పిల్లల చేత కూజాలూ పళ్ళూ గీయిస్తూ బతుకుతున్నవాడు. ఇంట్లో అతని గదిలో ఒక పెద్ద కాన్వాసు గోడ వైపు మొహం తిప్పి నిలబడి ఉంటుంది. దాన్ని తిప్పి చూసే ధైర్యం అతనికి ఏళ్ళ తరబడి లేదు. కుంచె పట్టుకుంటే చేతికి కాలేజీలో నేర్పినవన్నీ గుర్తొచ్చేవి. గీయాల్సింది మాత్రం ఏదీ గుర్తొచ్చేది కాదు. మనిషి ఎండిపోయాడు. పైకి చెప్పుకోలేడు, లోపల ఏడుపు ఆగదు.

అలాంటివాడి ఇంట్లోనే వదిన ఉంది.

వదిన అంటే అన్న భార్య. తల్లి పోయాక మాస్టారిని చిన్నప్పటి నుంచీ పెంచింది ఆమే. దర్జీ షాపులో కాజాలు కుట్టడం ఆమె పని. చొక్కాకు కత్తెరతో గాటు పెడితే సరిపోదు. ఆ గాటు అంచు వెంట దారంతో ఒకదాన్ని ఆనుకుని ఒకటి, సందు లేకుండా కుట్లు వేస్తేనే అది గుండీ పట్టే కాజా అవుతుంది. ఒక్క కుట్టు దూరంగా పడినా బట్ట అక్కడి నుంచే పీలికలవుతుంది. అన్న సైకిలు మీద వెళ్ళి లారీ కింద పడి చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం, బట్టలు కత్తిరించే కొలతల ఖాకీ కాగితం ముక్క వెనకాల ఆమె బాల్ పెన్నుతో ఏదో గీయడం మొదలుపెట్టింది. ఆ తరవాత ఆపలేదు.

ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పుతానంటే ఊరుకునే మనిషి కూడా కాదు. మనుషులూ కుక్కలూ కుట్టుమిషన్లూ అన్నీ కాజాల్లాంటి చిన్న చిన్న గీతలతోనే పుట్టుకొచ్చేవి. అందరి మొహాలూ మనవైపే చూసేవి. కాగితంలో చిటికెన వేలు గోరంత చోటు కూడా మిగిలేది కాదు. ఎందుకలా నింపేస్తావని ఎవరైనా అడిగితే, "ఖాళీ ఉంటే నాకు చలేస్తుంది" అనేది. అంతకుమించి ఆమెకూ తెలియదు. పెన్ను కొప్పులో గుచ్చుకుని తిరిగేది. నా అంత బాగా గీసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు, అని షాపులో అందరి ముందూ గొప్పలు పోయేది. దర్జీ ఆయన నవ్వాపుకోలేక కత్తెర కింద పెట్టేసేవాడు.

మాస్టారు నవ్వేవాడు కాదు. ఆ కాగితాల ముందు నిలబడితే అతని ఒళ్ళు గగుర్పొడిచేది. ఇంత ప్రాణం ఈ గీతల్లోకి ఎక్కడి నుంచి వస్తోంది? దొంగచాటుగా వాటిని చూసి తన కాన్వాసు మీద దించేవాడు. దించినవన్నీ దించినట్టే చచ్చిపడి ఉండేవి. అసూయ పడ్డాడా అంటే, పడ్డాడు. కన్నతల్లి లాంటి మనిషి మీద అసూయ పడినందుకు సిగ్గుపడ్డాడు కూడా. అయినా అసూయ తగ్గలేదు. కనీసం కళ్ళెదురుగా పెట్టుకుంటేనైనా తన చెయ్యి కదులుతుందేమోనని, ఒక బొమ్మకు ఫ్రేము కట్టించడానికి ఆ మధ్యాహ్నం ఆ దుకాణం గడప తొక్కాడు.

మేస్త్రి కాగితం విప్పాడు. విప్పిన వేలు చురుక్కుమన్నట్టు చప్పున వెనక్కి లాక్కున్నాడు. కాగితమంతా తడిమాడు, అంచులు చూశాడు, వెనక తిప్పి చూశాడు. ఎక్కడా సందు లేదు. వాడి మొహంలో ఆకలి కనిపించింది. మాస్టారు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

"ఇలాంటివి నా దగ్గర మూడున్నాయి. చూస్తారా మాస్టారూ?" అన్నాడు మేస్త్రి.

వెనక గదిలోకి తీసుకెళ్ళి లైటు వేశాడు. ఒకటి, లిఫ్టు నడిపిన ముసలాయన సోడా సీసా మూతలు అతికించి చేసిన మొహాల గుంపు. ఒకటి, ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మనిషి గాజుగుడ్డ పోగులతో అల్లిన నది. ఇంకోటి, బస్సు కండక్టరు ఒకడు చిరిగిన టికెట్లతో కట్టిన పట్నం. ముగ్గురికీ గురువు లేడు. మాస్టారి కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. కాలేజీలో చదివినన్నాళ్ళూ ఇంత నిజమైనది ఒక్కటి కూడా చూడలేదనిపించింది. అప్పుడే ఇంకో సంగతీ కనిపించింది. మూడు బొమ్మల్లోనూ నట్టనడుమ అరచేతంత చోటు ఖాళీగా ఉంది... ఏమీ లేని, తెల్లటి, చల్లటి ఖాళీ!

వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారని మాస్టారు అడిగాడు. ఎవరూ ఏమీ చేయడం లేదని మేస్త్రి చెప్పాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"చదువుకున్న చేతి వెనక గురువు కాపలా ఉంటాడు. వీళ్ళ వెనక ఎవరూ లేరు. ఎక్కడి నుంచో సూటిగా వచ్చి చేతిలో పడుతుంది. ఆ దారికి అడ్డంగా మీ చెయ్యి పెట్టుకుంటే మీ చేతిలో పడుతుంది. ఆమె బొమ్మలో అరచేతంత ఖాళీ కావాలి, అంతే. కత్తితో గీకితే పనికిరాదు. తన చేత్తో తానే వదలాలి. మీరు చెబితే వదులుతుంది."

పిచ్చివాడి మాటలనుకున్నాడు మాస్టారు. గుడ్డ కింద ఏదో గుండ్రంగా ఉండటం, గది అంత చల్లగా ఉండటం గమనించాడు. ఇది మంచిది కాదని అతని మనసు నూటికి నూరుపాళ్ళు చెప్పింది. ఇంటికి వచ్చే దారి పొడుగునా మాత్రం, వదిన చేత ఆ ఖాళీ ఎలా వదిలించాలా అనే ఆలోచించాడు!

సెలవు రోజు వదిన ముందు గదిలో నేలంతా పరిచిన పెద్ద కాగితం మీద బోర్లా పడుకుని గీస్తోంది. తనకు తెలిసిన మనుషులందరినీ ఒకేచోట పెడుతోంది. సైకిలు మీద మొగుడు, కత్తెర కాళ్ళతో దర్జీ, పై వాటా వాళ్ళు, వాళ్ళ కుక్క, కళ్ళజోడు పెద్దదై మొహం చిన్నదైన మాస్టారు. మాస్టారు పక్కన చతికిలపడ్డాడు. బడిలో చెప్పే పాఠమే మొదలుపెట్టాడు. బొమ్మకు గాలాడాలి, కంటికి విశ్రాంతి కావాలి, ఎక్కడో ఒకచోట ఖాళీ వదలాలి అన్నాడు.

"కంటికి విశ్రాంతి కావాలంటే కళ్ళు మూసుకోవాలి. బొమ్మకి బొక్క పెట్టడం ఎందుకయ్యా?" అంది వదిన.

మాస్టారు నవ్వి వదిలేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వదల్లేదు. గొప్ప గొప్ప చిత్రకారులంతా ఖాళీ వదులుతారన్నాడు. వదిలితే ఈ బొమ్మను బంగారు ఫ్రేములో పెట్టిస్తానన్నాడు. ఆమె కళ్ళు మెరిశాయి, అయినా తల అడ్డంగా ఊపింది. చివరికి, నా కోసం వదినా, అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ మాట అని అతను సాధించుకోనిది లేదు.

వదిన పెన్ను వెనక కొసతో చెవి గోక్కుంటూ కాగితం వైపు చాలాసేపు చూసింది.

"ఎవర్ని తీసెయ్యమంటావు? అందరూ ఉండాల్సినవాళ్ళే కదా. సరే... మీ అన్న పక్కన నన్ను పెట్టుకుందామనుకున్నా. నన్ను వదిలేస్తాలే."

మాస్టారు, వద్దు వదినా, అనడానికి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ఆమె చుట్టూ నింపుకుంటూ వచ్చి, సైకిలు పక్కన అరచేతంత చోటు వదిలేసి, పెన్ను కొప్పులో గుచ్చుకుని లేచింది. భుజాలు దగ్గరికి ముడుచుకుని, కిటికీ వెయ్యవయ్యా అంది. కిటికీ వేసే ఉంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మాస్టారు ఆ బొమ్మను ఫ్రేముల దుకాణానికి పట్టుకెళ్ళి తన కుడి అరచేతిని ఆ ఖాళీ మీద ఆనించాడు. కాగితం వెచ్చగా ఉంది... ఒంటి వెచ్చదనం! వెనకాల మేస్త్రి మంత్రం గుక్క తిప్పుకోకుండా సాగుతోంది. బయట గుడ్లగూబ కూత... అరచేతి గుండా ఏదో సన్నని దారంలా ఎక్కి, మణికట్టు దాటి, మోచేయి దాటి, భుజంలో ముడి పడింది. మాస్టారు కెవ్వుమన్నాడు. అది నొప్పితో అరిచిన అరుపు కాదు. ఆనందం పట్టలేక అరిచాడు!

ఇంటికి పరుగెత్తి కాన్వాసును ఇటు తిప్పాడు. చెయ్యి ఆగలేదు. మొహాలు పుట్టాయి, వీధులు పుట్టాయి, నవ్వులూ ఏడుపులూ గుంపులు గుంపులుగా పుట్టాయి. ఒకటి పూర్తయితే ఇంకోటి. తిండి మరిచాడు, బడికి సెలవు పెట్టాడు. బతుకులో ఎన్నడూ ఎరగని సంతోషం అతన్ని కమ్మేసింది. అబద్ధమెందుకు, అంత సుఖంగా అతను ఎప్పుడూ లేడు.

పక్క గదిలో వదిన చేతిలోంచి సూది జారిపడింది. మొదట తిమ్మిరి అంది. తరవాత గుండీ పట్టుకోలేకపోయింది. పెన్ను పట్టుకుంటే వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఎండ మండిపోతుంటే రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుని, చలేస్తోందయ్యా, ఎక్కడో తలుపు తీసి ఉంది చూడు, అని గొణిగేది. మాస్టారు వేడి టీ పెట్టిచ్చేవాడు. వయసు వల్ల వదినా, డాక్టరుకు చూపిద్దాం అనేవాడు. అతనికి తెలుసు! తలుపు ఎక్కడుందో, తీసినవాడెవడో పూర్తిగా తెలుసు. ఈ ఒక్క బొమ్మ అయ్యాక ఆ ఫ్రేము వెనక్కి తెచ్చేద్దామనుకునేవాడు. ఆ ఒక్కటీ అయ్యాక ఇంకొకటి మొదలయ్యేది.

ఇంట్లో కూర్చుంటే తోచక వదిన షాపుకు వెళ్ళి గుండీల డబ్బా సర్దుతూ కూర్చునేది. అక్కడి నుంచే ఒకనాటి మిట్టమధ్యాహ్నం దర్జీ ఆయన పరుగున వచ్చాడు. ఒగరుస్తూ, మీ వదిన మీ వదినలా లేదు మాస్టారూ, త్వరగా రండి అన్నాడు.

ఆకాశం మళ్ళీ నల్లబడింది. ఫెళఫెళ ఉరుములు... షాపు రేకుల మీద రాళ్ళ వాన మొదలైంది. లోపల పనివాళ్ళంతా గోడకు కరుచుకుని ఉన్నారు. నడుమ స్టూలు మీద వదిన! తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. కనుపాపలు పైకి తేలిపోయి తెల్లగుడ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. బిగుసుకుపోయిన ఆ కుడి చెయ్యి ఇప్పుడు చకచకా కదులుతోంది. దారం లేని సూదితో తన ఎడమ అరచేతి చర్మం మీదే కాజా కుడుతోంది! ఒక్కో పోటుకూ ఒక్కో ఎర్రటి చుక్క లేస్తోంది.

మాస్టారు, వదినా, అంటూ ఆ చెయ్యి పట్టుకున్నాడు. విదిలించి కొడితే బట్టల గుట్ట మీద పడ్డాడు. ఆమె నోరు తెరుచుకుంది. లోపలి నుంచి ఫ్రేముల మేస్త్రి గొంతు వచ్చింది.

"అరచేతిలో తలుపు కుడుతున్నాను మాస్టారూ. ఇది పూర్తయితే మొత్తం మనిషిని ఇందులోంచి లాగేస్తా. ఆ ముగ్గుర్నీ ఇలాగే లాగాను. లిఫ్టు ముసలాడి దగ్గరికి వాడి మేనల్లుడొచ్చి ఖాళీ వదలమన్నాడు. బట్టలుతికేవాడికి ఒక డాక్టరు చెప్పాడు. కండక్టరుకు వాడి ఆఫీసరు చెప్పాడు. అందరూ బాగా చదువుకున్నవాళ్ళే. ఒక్కొక్కరికీ ఒక్కో మాస్టారు దొరికాడు నాకు."

తరవాత వికటాట్టహాసం! షాపులోని కత్తెరలన్నీ వాటంతటవే టకటక కొట్టుకున్నాయి. మాస్టారి గుండె చెరువైపోయింది. తను చేసింది తప్పు మాత్రమే కాదు, తనలాంటివాళ్ళు ఎప్పుడూ చేసే తప్పని అప్పుడు అర్థమైంది. ఏడుస్తూనే లేచాడు. నలుగురి చేత ఆమె చేతులు పట్టించాడు. ఆమె కొప్పులోంచి బాల్ పెన్ను లాక్కుని వానలోకి దూకాడు.

ఫ్రేముల దుకాణం తలుపు భుజంతో బద్దలుకొట్టుకుని వెనక గదిలోకి పడ్డాడు. కపాలం కనుగుంటల్లో నీలి మంటలు! నాలుగో ఫ్రేములో వదిన బొమ్మ. దాని ముందు మేస్త్రి కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా వణుకుతూ నిలబడి ఉన్నాడు. వాడి కుడి చెయ్యి మోచేతి దాకా ఆ ఖాళీలో దూరి ఉంది... చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చినంత సులువుగా! వాడు లోపల దేన్నో పట్టుకుని గుంజుతున్నాడు. గుంజినప్పుడల్లా, ఎక్కడో దూరాన దర్జీ షాపు వైపు నుంచి, వదిన ఆర్తనాదం వానను చీల్చుకుంటూ వినిపిస్తోంది.

మాస్టారు వాణ్ణి లాగి చూశాడు. కొండను లాగినట్టుంది. రంపం అందుకుని కొట్టాడు. అది చేతిలోనే రెండు ముక్కలైంది. మిగిలింది పెన్ను ఒక్కటే. ఆ చేతి పక్కన ఇంకా మిగిలి ఉన్న ఖాళీలో, కాలేజీలో నేర్పినట్టే, వదిన మొహం గీయడం మొదలుపెట్టాడు. కొలతలు సరిపోయాయి. ముక్కు పక్కన నీడ కూడా కుదిరింది. పోలిక అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఇంకు కాగితాన్ని పట్టుకోలేదు! నూనె మీద నీళ్ళలా గీత గీతా జారి కిందికి కారిపోయింది.

మేస్త్రి కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

"ఇదా నీ విద్య? ఆమె ఎవరో తెలియకుండా ఆమెను గీస్తావా?"

ఆ మాటకు మాస్టారి లోపల ఏదో పుటుక్కున తెగింది. భుజంలో ముడిపడ్డ ఆ దొంగ దారమే తెగిందో, కాలేజీ పతకమే తెగిపడిందో! పెన్ను పిడికిట్లో పట్టుకున్నాడు, పలక మీద మొదటిసారి బలపం పట్టుకున్న పిల్లాడు పట్టుకున్నట్టు. కళ్ళు మూసుకున్నాడు. వదిన కనిపించింది. కుట్టుమిషను పక్కన తను నేల మీద కూర్చుంటే, పైనుంచి దిగివచ్చే రెండు చేతులు కనిపించాయి. జ్వరం వస్తే నుదురంతా కప్పేసే చేతులు. బడి గుమ్మం దాకా తనను ఎత్తుకుని, తను ఏడిస్తే అక్కడి నుంచి మళ్ళీ ఇంటిదాకా ఎత్తుకొచ్చిన చేతులు. ఆ చేతులు గీశాడు. తలకాయ కన్నా పెద్దవిగా, సైకిలు కన్నా పెద్దవిగా గీశాడు. అందం చూడలేదు, కొలత చూడలేదు. చిన్న గీత, దాన్ని ఆనుకుని ఇంకో గీత, దాన్ని ఆనుకుని ఇంకోటి... కాజా కుట్టినట్టు, సందు లేకుండా!

ఇంకు పట్టింది.

మేస్త్రి కళ్ళు ఠక్కున తెరుచుకున్నాయి. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. రాలేదు. గీత మీద గీత పడుతున్నకొద్దీ ఖాళీ చుట్టూరా బిగుసుకుంటూ వాడి మోచేతిని పట్టేసింది. వాడు గావుకేక పెట్టాడు. ఆపమన్నాడు. నీకు ఇచ్చిందంతా నీకే ఉంచేస్తానన్నాడు. లోకమంతా నీ బొమ్మల ముందు సాష్టాంగపడేలా చేస్తానన్నాడు. కుదరకపోయేసరికి నీ చేతులు పడిపోతాయని, నీ కళ్ళు పోతాయని శపించాడు. మాస్టారు వెక్కివెక్కి ఏడుస్తూ గీస్తూనే ఉన్నాడు.

అప్పుడు... ఆ గోడ మీది మూడు ఫ్రేముల అద్దాలు ఒకేసారి భళ్ళున పగిలాయి!

లిఫ్టు ముసలాయన అతికించిన సీసా మూతల మొహాలన్నీ కనురెప్పలు ఎత్తాయి. బట్టలుతికినవాడి నది, గాజుగుడ్డ పోగుల నది, గోడ దిగి నేల మీదికి పారింది. కండక్టరు కట్టిన పట్నంలోంచి చిరిగిన టికెట్లు వేలకు వేలు లేచి మిడతల దండులా గదంతా కమ్మేశాయి. ఎవరూ నేర్పని ఆ చేతులు, ఎవరి అనుమతీ అడగని ఆ చేతులు, ఇన్నేళ్ళు అద్దాల వెనక మగ్గిపోయిన ఆ చేతులు ఇప్పుడు ఒక్కుమ్మడిగా వాడి మీద పడ్డాయి! మేస్త్రి అరిచిన అరుపుకు వీధి చివర ఉన్నవాళ్ళు కూడా చెవులు మూసుకున్నారు. పోగులు వాడి కాళ్ళను చుట్టేశాయి. మూతల అంచులు వాడి మంత్రాన్ని గొంతులోనే కోసేశాయి. టికెట్లు నోట్లో కుక్కుకున్నాయి. వాడి ఒళ్ళు పలచబడింది, ఇంకా పలచబడింది, కాగితమంత పలచబడి జర్రున ఆ ఖాళీలోకి జారిపోయింది. మాస్టారు ఆఖరి గీత గీశాడు. కపాలం నడినెత్తి మీద చిట్లి రెండు చెక్కలైంది. నీలి మంటలు ఆరిపోయాయి.

వాన వెలిసింది. బోర్డు మీది గుడ్లగూబ ఎటో ఎగిరిపోయింది.

ఆ వారంలో జనం ఆ దుకాణానికి వచ్చి చూసి, మేస్త్రి ఎక్కడికి పోయాడో తెలియక తలా ఒక మాట అనుకున్నారు. వదిన ప్రాణం దక్కింది. ఎడమ అరచేతిలో మాత్రం సూదిపోట్ల మచ్చ కాజా ఆకారంలోనే నిలిచిపోయింది. కుడిచేతి వేళ్ళు మెల్లగా వంగుతున్నాయి కానీ, మునుపటిలా కాదు. దుకాణం గోడ మీదికి తిరిగి చేరుకున్న ఆ మూడు బొమ్మల్లో ఇప్పుడు ఎక్కడా ఖాళీ లేదు. మాస్టారు గదిలో వేసిన కాన్వాసులన్నీ ఒక మధ్యాహ్నానికి తెల్లగా అయిపోయాయి. ఒక్క చుక్క రంగు మిగల్లేదు. అతను వాటి కోసం బాధపడలేదు.

బాధ వేరే ఉంది. వదినకు అన్నీ చెప్పేశాడు. పాఠం ఎందుకు చెప్పాడో, ఖాళీలో చెయ్యి ఎందుకు పెట్టాడో, చలేస్తోందని ఆమె అన్నప్పుడు టీ పెట్టిచ్చి తిరిగి గదిలోకి ఎందుకు వెళ్ళిపోయాడో, ఏదీ దాచలేదు. వదిన తిట్టలేదు. తిట్టి ఉంటే అతని ప్రాణం కొంచెం కుదుటపడేది. ఆమె ఎన్నో నెలలు అతనితో మాట్లాడలేదు. వేళకు భోజనం మాత్రం పెట్టేది. పళ్ళెం పెట్టి వెళ్ళిపోయేది.

ఆ పెద్ద బొమ్మ ఇప్పుడు ముందు గదిలో, ఫ్రేము లేకుండా, గోడకు మేకులు కొట్టి ఉంది. సైకిలు మీద అన్న, అన్న పక్కన కొండంత చేతులతో వదిన. ఆ చేతుల వెనక, బాగా దగ్గరికి వెళ్ళి చూస్తే, వదిన ఎప్పుడూ గీయని మనిషి ఒకడున్నాడు. నోరు తెరుచుకుని, మోచేతి దాకా చెయ్యి చాపి ఉంటాడు. మధ్యాహ్నం వేళ ఇల్లు సద్దుమణిగితే, కాగితం వెనక గోరుతో గీకుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తుంది.

బాల్ పెన్ను ఇంకుకు ఒక గుణం ఉంది. వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతుంది. ముందు ఊదా రంగుకు తిరుగుతుంది, తరవాత పలచబడుతుంది. కిటికీకి ఎంత పరదా వేసినా ఆగదు. ఆ సంగతి మాస్టారు ముందే కనిపెట్టాడు. రోజూ బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ బొమ్మ దగ్గరికే వెళ్ళి చూసేవాడు. వదిన కూడా చూస్తూనే ఉందని అతనికి తెలియదు.

ఒకనాటి మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి ఆమె బొమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. బొమ్మలో వదిన చిటికెన వేలి దగ్గర గీతలు బాగా వెలిశాయి. అక్కడ కాగితం ఊపిరి తీస్తున్నట్టు కొద్దిగా పొంగి, అణిగి, మళ్ళీ పొంగుతోంది.

"చేతులు ఇంత పెద్దవేంటయ్యా?" అంది వదిన, బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే. నెలల తరవాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"నాకు అలాగే కనిపించేవి వదినా."

ఆమె కొప్పులోంచి పెన్ను తీసింది. మాస్టారు ఒక అడుగు వెనక్కి వేసి, ఆమె గీయడానికి చోటిచ్చాడు. ఆమె గీయలేదు. పెన్ను అతని వైపు చాపింది.

"నన్ను అందులోంచి తీయించింది నువ్వు. నువ్వే పెట్టు."

మాస్టారు పెన్ను అందుకుని పిడికిట్లో పట్టుకున్నాడు. కాగితం వెనక గీకుడు ఆగింది. అతను చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టాడు. వదిన స్టూలు దగ్గరికి జరుపుకుని, ఎక్కడా సందు వదలకుండా చూస్తూ కూర్చుంది.